మన వార్డు మెంబరు ఎవరు?

2022లో ఓ శుక్రవారం. జుమా నమాజు ముగించుకుని వచ్చి భోజనాలకు కూర్చున్నాం. అయిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు, "అబ్బా, మన వార్డు మెంబరు ఎవరు?" అని అడిగింది. అన్నయ్య నా వైపు చూశాడు. నేను దస్తర్‌ఖాన్ వైపు చూశాను. ఓటు వేసిన వాళ్ళమే, పేరు మాత్రం ఇద్దరికీ గుర్తు లేదు!

ఆ ప్రశ్న ఫోనులో పుట్టింది. పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన నల్లచుక్కల చదరం ఒకటి ఉంటుంది, గమనించారా? అది క్యూఆర్ కోడ్. 2017లో మొదలైన 'దీక్షా' యాప్ తెరిచి, ఫోను కెమెరాను దానిపై పెడితే ఆ పాఠం వీడియో వస్తుంది. యాప్ ఉచితం. ఉర్దూలో కూడా పాఠాలున్నాయి.

అయితే ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు సంగతి. కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు చెప్పారు. టీవీ ముందు అందరూ కూర్చోవచ్చు. ఫోను అలా కాదు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ముందు పెద్దబ్బాయికే దక్కేది, ఆడపిల్ల వంతు వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయేది. హక్కుల పాఠం కూడా ఆ పిల్ల అలాగే పోగొట్టుకుంది.

ఇంకో చిక్కు. వీడియో చూసి "సర్పంచిని ప్రజలు ఎన్నుకుంటారు" అని అప్పజెప్పడం తేలిక. అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 2009లో మొదలుపెట్టిన 'ఐసివిక్స్' ఆటల్లో పిల్లలే లాయర్లవుతారు, అధ్యక్షులవుతారు, నిర్ణయాలు తీసుకుంటారు. అవి కాస్త పెద్ద పిల్లలవి. కానీ ఆ పద్ధతికి నెట్ కూడా అక్కర్లేదు. ఆదివారం బిర్యానీయా, ఖిచిడీయా అన్నదానిపై మా ఇంట్లో చీటీలు వేయించాం. చీటీ మడిచి డబ్బాలో వేయాలి, ఎవరిదీ ఎవరూ చూడకూడదు. అమ్మీ ఓటూ ఒకటే, చిన్నోడి ఓటూ ఒకటే. ఖిచిడీ గెలిచింది. ఓడిన చిన్నోడు గంటసేపు అలిగి, చివరికి తిన్నాడు. ఓటమిని ఒప్పుకోవడం ఏ వీడియో నేర్పిందని?

ఇక మెంబరు పేరు. వీధి చివరి కిరాణా కొట్టులో అడిగి తెలుసుకున్నాం. అమ్మాయి దాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. దాని కిందే, మా వీధి కుళాయి ఎన్నాళ్ళుగా కారుతోందో కూడా రాసింది.