నీళ్లలో నిలబడి వాడిపోయే పైరు



ఒక ఖరీఫ్‌లో మొక్కజొన్న చేను చూడబోయాను. మూడు రోజులుగా ముసురు. నల్లరేగడి చేలో మడమ లోతు నీరు నిలిచింది. నాలుగైదు ఆకుల పైరు తలలు వేలవేసింది.

"చుట్టూ నీళ్లు పెట్టుకొని వాడిపోవటమేమిటండీ? యూరియా చల్లమంటారా?" అన్నాడు ఆసామి.

"ముందు పార పట్టండి. గట్టు తెగగొట్టి నీరు తీయండి. యూరియా సంగతి తరువాత" అన్నాను. ఎందుకన్నానో మీకూ చెబుతాను.

వేరు కూడా మనవలెనే వూపిరి పీలుస్తుంది. ఆకు తయారుచేసిన చక్కెరలో కొంత వేరుకు దిగుతుంది. వేరు కణాలు దాన్ని విడగొట్టి, ఆ శక్తితో నత్రజని, పొటాషు లోపలికి తీసుకుంటాయి; నీరు పోయే దారులు తెరిచి వుంచుకుంటాయి.

ఇందులో ప్రాణవాయువు పని ఏమిటి? కుప్ప వేసేటప్పుడు పనలు చేయీ చేయీ మారి పైకి పోతాయి గదా. పైనున్నవాడు అందుకోవటం మానితే కిందివాళ్ల చేతులన్నీ ఆగిపోతాయి. కణంలో మైటోకాండ్రియా అనే అతి చిన్న భాగాలలో జరిగేదీ యిదే. చక్కెర నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు వరుసగా చేతులు మారుతూ శక్తినిస్తాయి. చివర అందుకునేది ప్రాణవాయువు. అందుకొని, ఉదజనితో కలిసి నీరవుతుంది. అది లేకపోతే వరుసంతా నిలిచిపోతుంది.

అప్పుడు కణం పులియబెట్టే దారి పడుతుంది. ఒక గ్లూకోజు అణువు నుంచి ప్రాణవాయువుతో సుమారు 30 శక్తి మూటలు రావలసినచోట రెండే వస్తాయి. సారాయి వంటి పదార్థం పోగవుతుంది. వేరు నీరసించి నీటిదారులు మూసుకుంటాయి. అందుకే నీళ్లలోనే పైరు వాడుతుంది.

గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువే. కాని నీటిగుండా అది గాలిలోకంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. మట్టి సందులు నీటితో నిండితే వేరుకు వూపిరాడదు.

"మరి వరి బతుకుతుందే?" అంటారు. వరి కాడలో, వేరులో గాలి గొట్టాలున్నవి. మొక్కజొన్నకు, మిరపకు, కందికి ఆ వసతి అంతగా లేదు. పైగా లేత మొక్కజొన్న మొవ్వు నేల లోపలే వుంటుంది గనుక ప్రమాదం మరీ ఎక్కువ.

కాబట్టి పల్లపు చేలో బోదెలు తోలి విత్తండి. వానకు ముందే మురుగుకాలువ తీసి వుంచండి. నీరు నిలిచివుండగా యూరియా చల్లకండి. వేరు తీసుకోలేదు, కొంత వాయువై పోతుంది. నీరు తీసిన తరువాత లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద చల్లండి. పదును రాగానే గుంటక తోలితే మట్టిలోకి గాలి పోతుంది.

ఆ ఆసామి సాయంత్రానికి నీరు దింపాడు. పల్లపు మూల పోయింది గాని, తక్కిన చేను కోలుకున్నది. ముసురు పట్టిన రోజున మందుబస్తాకంటే ముందు పార వెతకండి.