పిల్లికీ పన్నునొప్పే!
నోరు తెరిచి చెప్పదు.. మనమే కనిపెట్టాలి

గుడియాత్తం: పొద్దున పెట్టిన పాలన్నం సాయంత్రానికీ గిన్నెలో అట్లాగే ఉంటుంది. చేప తలకాయ వేస్తే ఆత్రంగా వస్తుంది, వాసన చూస్తుంది. ఒక్క కొరుకు కొరికి చటుక్కున వెనక్కి గెంతుతుంది. ‘దీనికి పొగరెక్కింది. ఆకలేస్తే అదే తింటుందిలే’ అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. అది పొగరు కాకపోవచ్చు.. పన్నునొప్పి కావచ్చు!

మగ్గం ఉన్న ఇంట్లో పిల్లిని ముద్దు కోసమే పెంచరు. గంజి పెట్టిన నూలును ఎలుక కొరికిందంటే పడుగు పాడైనట్టే. ఇంటిని కాపాడే ఆ జీవానికి పళ్లే ఆయుధం. వాటికి జబ్బొస్తే మాత్రం ఎవరికీ తెలియదు. నొప్పిని దాచుకోవడం పిల్లి జాతికి పుట్టుకతో వచ్చిన గుణం.

పన్నును తినేసేది ఒళ్లే

పిల్లికి పాలపళ్లు 26, ఆ తర్వాత వచ్చేవి 30. మనకు పన్ను పిప్పి పట్టిందంటే కారణం తీపి, దాన్ని పట్టుకుని పెరిగే సూక్ష్మక్రిములు. పిల్లికి వచ్చే ముఖ్యమైన జబ్బు అది కాదు. దాని పన్నును దాని ఒంట్లోని కణాలే కరిగించేస్తాయి. వైద్యులు దీన్ని ‘టూత్ రిజార్ప్షన్’ అంటారు. పాలపళ్లు ఊడే వయసులో వాటి వేళ్లను కరిగించేవి ఈ కణాలే. అప్పుడు చేయాల్సిన పనిని పెద్ద పళ్ల మీద మళ్లీ మొదలుపెడతాయన్నమాట. ఎందుకు మొదలుపెడతాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. పలు దేశాల్లో జరిపిన పరీక్షల్లో సుమారు మూడోవంతు నుంచి సగానికి పైగా పెద్ద పిల్లుల్లో కనిపించింది. వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. కింది దవడలో కోరపన్ను వెనక ఉండే మొదటి బుగ్గపన్నుకు ఎక్కువగా వస్తుంది. పన్ను మొదట్లో చిన్న గుంట పడుతుంది. చిగురు దాని మీదికి ఎర్రగా పాకుతుంది. పైకి చిగురు వాచినట్టు ఉన్నా కింద పన్ను నరం బయటపడి ఉంటుంది. అక్కడ తగిలితే మత్తులో ఉన్న పిల్లి దవడ కూడా అదురుతుంది.

గార సంగతి వేరే

రెండోది చిగుళ్ల జబ్బు. పళ్ల మీద పాచి పేరుకుని, గట్టిపడి గారగా మారుతుంది. చిగుళ్లు వాచి, రక్తం కారి, చివరికి పన్ను కదులుతుంది. కొన్ని పిల్లులకు నోరంతా పుండ్లలాగా ఎర్రబడుతుంది. వీటిలో చాలావాటికి కాలిసి వైరస్ ఉన్నట్టు తేలింది.

ఇవి కనిపిస్తే..

* ఒక పక్కకు తల వంచి నమలడం, మెతుకులు కింద పడేయడం
* చొంగ కారడం, నోటి వాసన
* ముఖాన్ని కాలితో రుద్దుకోవడం
* ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టలు కట్టడం
* గట్టి తిండి మానేసి మెత్తటిదే తినడం

ఒక హెచ్చరిక. చొంగ కారడం, మింగలేకపోవడం రేబిస్‌లోనూ ఉంటాయి. కాబట్టి వేలు పెట్టి నోరు తెరిచి చూడొద్దు. కరిస్తే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

మాత్రతో ప్రాణం మీదికి

జాలిపడి మనం వేసుకునే పారాసిటమాల్‌ ముక్కను పాలల్లో కలిపి పెట్టేవాళ్లున్నారు. అది విషం పెట్టడమే. ఆ మందును విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తకణాలు దెబ్బతిని ఊపిరాడక చనిపోతుంది. ఒక్క మాత్ర చాలు. మనం వేసుకునే మిగతా నొప్పి మాత్రలూ వద్దు. మూడురోజులు తిండి మానినా, అందులో లావుపాటి పిల్లయితే, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ‘ఆకలైతే అదే తింటుందిలే’ అన్న మాట అందుకే ప్రమాదం.

వైద్యం ఎట్లా?

కరిగే పన్నుకు సిమెంటు నింపితే నిలవదు. తీసేయడమే మందు. మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి చూస్తారు. వేరు గట్టిగా ఉంటే పన్నును మొత్తంగా తీస్తారు. వేరు కరిగి ఎముకలో కలిసిపోయి ఉంటే పైభాగం కోసి చిగురు కుడతారు. ఏది చేయాలో ఎక్స్‌రే చూడనిదే తెలియదు. పళ్లు పోతే పిల్లి ఎట్లా బతుకుతుందని భయం వద్దు. నొప్పి పోయిన పిల్లి పళ్లు లేకపోయినా మెత్తటి తిండిని ఆవురావురుమని తింటుంది.

1900లో ఒక్క మంచంతో ఐడా స్కడర్ మొదలుపెట్టిన వైద్యశాల సీఎంసీగా ఎదిగిన వేలూరికి మనుషుల జబ్బులతో దేశం నలుమూలల నుంచీ వస్తారు. మూగజీవి పన్ను కోసం మాత్రం మనమే కదలాలి. ముందు ఊళ్లోని పశువైద్యశాలలో చూపించాలి. ‘పళ్ల ఎక్స్‌రే తీస్తారా?’ అని అడగాలి. లేదంటే చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాల, తిరుపతి పశువైద్య కళాశాల ఉన్నాయి. కాట్పాడి నుంచి రెండు ఊళ్లకూ రైళ్లున్నాయి. 1911 దాకా చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. గీత గీసింది మనుషులకే. పిల్లికి సరిహద్దు లేదు, నొప్పికీ లేదు!

పిల్లగా ఉన్నప్పటి నుంచే మెత్తటి బ్రష్షుతో, పిల్లుల కోసం చేసిన పేస్టుతో పళ్లు తోమడం అలవాటు చేస్తే చిగుళ్ల జబ్బు తగ్గుతుంది. మన పేస్టు, ఉప్పు వాడకూడదు. తోమినంత మాత్రాన పన్ను కరగడం ఆగదు. కాబట్టి ఏడాదికొకసారి నోరు చూపించడం తప్పనిసరి.

ఈ సాయంత్రం గిన్నె పెట్టాక ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఏ పక్క నములుతోందో అదే చెబుతుంది.