చక్రాల కుర్చీతో బస్సు ఎక్కుట

నడువలేని వారిని ఇంటి వద్ద విడిచి తక్కినవారు ఉత్సవమునకు పోవుట మన కుటుంబములలో చిరకాలముగ సాగుచున్న అలవాటు. "అంత దూరము నీవు రాలేవులే అమ్మా, ప్రసాదము తెచ్చి పెట్టెదము" అను మాటలో ప్రేమ లేకపోలేదు. కాని ఆ మాట విని అరుగు మీద ఒంటరిగా కూర్చుండిన వారి మనస్సు ఎట్లుండునో విచారించువారు అరుదు. వారిని ఆపివేయునది చాలచోట్ల వారి కాళ్లు కావు, బస్సు మెట్లు. మన పల్లెలకు వచ్చు బస్సు మొదటి మెట్టే మోకాలి ఎత్తున ఉండును. ఆ మెట్టును తొలగించినచో ఏమగునో తెలిసికొనుటకు ఒక దూరదేశపు వినోదస్థలమును ఉదాహరణముగ గ్రహింతము.

అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రమున ఓర్లాండో నగరమునకు సమీపమున వాల్ట్ డిస్నీ వరల్డ్ అను ప్రదేశము కలదు. అమెరికాలో స్థిరపడిన బిడ్డల కడకు పోయిన తెలుగు తల్లిదండ్రులలో అనేకులు దానిని చూచి వచ్చుచుందురు. 1971 అక్టోబరు 1వ తేదీన తెరువబడిన ఈ ప్రదేశము సుమారు 25,000 ఎకరముల విస్తీర్ణము కలది. ఇందు నాలుగు ప్రధానోద్యానములు కలవు. మేజిక్ కింగ్‌డమ్ 1971లోను, ఎప్‌కాట్ 1982లోను, నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలువబడునది 1989లోను, ఏనిమల్ కింగ్‌డమ్ 1998లోను ప్రారంభమైనవి. ఒక ఉద్యానము నుండి మరియొక దానికి, బస చేయు హోటళ్ల నుండి ఉద్యానములకు కాలినడకను పోవుట యువకులకును కష్టమే. అందుచే పడవలు, ఒంటి పట్టా మీద పరుగెత్తు మోనోరైలు, 2019 నుండి తీగల మీద నడచు పెట్టెలు ఏర్పడినవి. ఐనను జనులలో అధికభాగమును మోయునవి బస్సులే.

ఇచట నడువలేని వారు రెండు విధములైన వాహనములను వాడుదురు. మొదటిది మనకు ఆసుపత్రులలో పరిచితమైన చక్రాల కుర్చీ. రెండవది మొబిలిటీ స్కూటరు. ఇది మూడు లేక నాలుగు చక్రములు కలిగి, బ్యాటరీతో నడచు చిన్న బండి. కూర్చుండుటకు ఆసనము, ఎదుట పట్టుకొని త్రిప్పుటకు పిడి ఉండును. కొంత నడువగలిగియు దినమంతయు నడువజాలని వృద్ధులు దీనిని అద్దెకు తీసికొందురు. ఒక సంగతి ముందుగ తెలిసియుండుట మేలు. ఉద్యానములో లోపల అద్దెకిచ్చు స్కూటరును ఆ ఉద్యానము దాటించరాదు. కాబట్టి బస్సు ఎక్కించవలసిన స్కూటరును బయటి అద్దె దుకాణము నుండి తీసికొనవలెను, లేదా సొంతది ఉండవలెను.

ఇక బస్సు సంగతి. ఈ బస్సులలో అధికభాగము నేల తగ్గుగా ఉన్నట్టివి, అనగా లోపల ఎక్కుటకు మెట్లు లేనివి. బస్సు బరువును మోయునవి ఇనుప కమ్మీలు కాక గాలితో నిండిన తిత్తులు. డ్రైవరు మీట నొక్కగానే తలుపు వైపు తిత్తులలోని గాలి కొంత వెలువడి, బస్సు ఆ వైపునకు వంగును. మావటివాని ఆజ్ఞపై ఏనుగు మోకరిల్లినట్లుండును. వారు కూడ దీనిని మోకరిల్లుట అనియే వ్యవహరింతురు. పిమ్మట తలుపు కడ నేలలో మడిచియున్న బల్ల తెరచుకొని కాలిబాట మీద వాలును. చక్రాల కుర్చీ ఆ వాలుబల్ల మీదుగ లోపలికి పోవును.

ఈ బల్ల ఎట్లుండవలెనో అమెరికా ప్రభుత్వ నిబంధనలు నిర్ణయించినవి. దాని వెడల్పు 30 అంగుళములకు తగ్గరాదు. చక్రము ప్రక్కకు జారకుండ ఇరువైపుల కనీసము 2 అంగుళముల ఎత్తున అంచు ఉండవలెను. 600 పౌండ్ల, అనగా సుమారు 272 కిలోల బరువునకు ఓర్చవలెను. నేల వరకు దించినపుడు వాలు నాలుగింట ఒకటికి మించరాదు, అనగా నాలుగడుగుల పొడవునకు ఒక అడుగు ఎత్తు. అది కూడ గట్టి ఎక్కుడే. కాలిబాట ఎత్తుగ ఉన్నచోట బస్సు దానిని ఆనుకొని నిలిచినచో వాలు చాల తగ్గును. కావున బస్సును నిలుపు తీరులోనే డ్రైవరు సామర్థ్యము తెలియును.

లోపల 22 అడుగులకు మించిన పొడవు గల బస్సులో చక్రాల కుర్చీలకు కనీసము రెండు స్థానములు ఉండవలెను. ఒక్కొక్కటి 30 అంగుళముల వెడల్పు, 48 అంగుళముల పొడవు ఉండును. అచటి ఆసనములను పైకి మడిచి చోటు చేయుదురు. తరువాత కుర్చీని ముందు రెండు, వెనుక రెండు పట్టీలతో నేలకు బిగింతురు. బస్సు మామూలుగ నడచునపుడు కుర్చీ ఏ వైపునకును 2 అంగుళములకు మించి కదలరాదని నియమము.

ఇంత బిగింపు ఎందులకని కొందరు విసుగుకొందురు. కారణము సులభము. వేగముగ పోవుచున్న బస్సు ఆకస్మికముగ ఆగినపుడు, అందలి ప్రతి వస్తువును ముందరి వేగముతోనే సాగిపోవ చూచును. ఆసనములు నేలకు బిగింపబడినవి గనుక ఆగును. చక్రములున్న కుర్చీ ఆగదు. దాని మీద కూర్చున్నవారును, వారి ఎదుట నిలుచున్నవారును దెబ్బతినవచ్చును. పట్టీ వారికి బంధనము కాదు, తక్కినవారికి ఆసనము ఇచ్చు స్థిరత్వమును వారికిని ఇచ్చు సాధనము.

స్కూటరుతో చిక్కు కొంత అధికము. అది పొడవైనది, మలుపు తీసికొనుటకు ఎక్కువ చోటు కావలయును. కూర్చున్నవారి బరువు ఎత్తున ఉండుటచే వంపులో ఒరుగు స్వభావము కలది. కాబట్టి అద్దెకు తీసికొనునపుడే దాని పొడవును కొలిపించి, 48 అంగుళములకు లోబడి ఉన్నదేమో చూచుకొనవలెను. బస్సు రాకమునుపే బుట్టలోని సంచులను తోడివచ్చినవారికి ఇచ్చి, వేగము త్రిప్పు మీటను అతి తక్కువకు మార్చవలెను. డ్రైవరు పిలుచువరకు ఆగి, వాలుబల్లకు సూటిగ ఎదురుగ నిలిచి, శరీరమును కొంచెము ముందునకు వంచి, మధ్యలో ఆపకుండ మెల్లగ ఎక్కవలెను. ఏటవాలుగ ఎక్కినచో ఒక చక్రము అంచునకు తగిలి బండి ఒరుగును. ఒడిలో పసివానిని కూర్చుండబెట్టుకొని ఎక్కుట ఎన్నటికిని తగదు. స్థానమునకు చేరిన పిమ్మట బండిని ఆపివేసి, తాళపుచెవి త్రిప్పవలెను. చెవి తీయనిచో చేయి తగిలి బండి కదలు ప్రమాదము కలదు.

ఇట్లు లోపలికి నడుపుట అందరికి చేతనగు పని కాదు. మొదటిరోజున తడబడువారే అధికము. కాళ్లలో కొంత శక్తి ఉన్నచో, తోడివచ్చినవారు బండిని నడిపి లోపల నిలుపగా, తాము నడచి ఎక్కుట సులభము. స్కూటరు మీద కంటె బస్సు ఆసనముపై కూర్చుండుట క్షేమము కనుక, ఆసనమునకు మారుమని డ్రైవరు సలహా చెప్పవచ్చును. ఐతే చట్టము ప్రకారము అది సలహాయే కాని ఆజ్ఞ కారాదు. మారజాలని వారిని మారితీరవలెనని నిర్బంధించుటకు వీలులేదు. వాలుబల్లను దించుట, పట్టీలు బిగించుట మున్నగు పనులలో తోడ్పడుట సిబ్బంది విధి. మనుష్యులను ఎత్తి కూర్చుండబెట్టుట మాత్రము వారు చేయరు. ఆ సాయము అవసరమైనవారు తమ వారిని వెంట తీసికొని పోవలెను.

చక్రాల కుర్చీ వారిని వరుసలో నిలిచిన తక్కినవారికంటె ముందుగ ఎక్కింతురు. లోపల నిండిన పిమ్మట చోటు చేయుట సాధ్యము కాదు గనుక ఈ ఏర్పాటు. దీనిని చూచి "వెనుక వచ్చి ముందు ఎక్కుచున్నారు" అని గొణుగువారు అచటను ఉన్నారు. కాని రాత్రి ఉద్యానము మూయువేళ జనసమ్మర్దములో, బస్సునకు రెండే స్థానములుండుటచే, మూడవ కుర్చీవారు ఎదుటనే పోవు బస్సులను చూచుచు మరియొక దాని కొరకు వేచియుండవలసి వచ్చును. ఆ వేచియుండుట గొణుగువారి కంట పడదు.

ఈ సౌకర్యము ఏ వ్యాపారి దయచేతనో లభించినది కాదు. 1978 జులై 5వ తేదీన కొలరాడో రాష్ట్రములోని డెన్వరు నగరమున, చక్రాల కుర్చీలలోని 19 మంది రెండు వీధుల కూడలిలో బస్సులకు అడ్డముగ నిలిచిరి. రాత్రియంతయు అచటనే ఉండి మరునాడును కదలరైరి. మేమును బస్సు ఎక్కవలెనను ఒక్క కోరికయే వారిది. 1983లో అదే నగరమున ఈ కోరికతో అడాప్ట్ అను సంస్థ ఏర్పడెను. 1990 మార్చి 12వ తేదీన వాషింగ్టనులో శాసనసభా భవనపు మెట్ల మీద, కుర్చీలు విడిచి, చేతులతో ప్రాకుచు పైకెక్కి పలువురు తమ స్థితిని దేశమునకు చూపిరి. ఆ సంవత్సరము జులై 26వ తేదీన అధ్యక్షుడు జార్జి బుష్ వికలాంగుల హక్కుల చట్టముపై సంతకము చేసెను. నాటి నుండి కొత్త బస్సులలో ఈ ఏర్పాటు విధిగ మారినది.

మన దేశమున 1995లో ఒక చట్టము, దాని స్థానమున 2016లో మరింత విస్తృతమైన చట్టము వచ్చినవి. 2015 డిసెంబరు 3వ తేదీన సుగమ్య భారత్ అను ఉద్యమము ఆరంభమైనది. చట్టము ఉన్నది గనుక అడుగుటకు హక్కు ఉన్నది. హైదరాబాదు చెంత రామోజీ ఫిల్మ్ సిటీ వంటి విశాలస్థలములలోను సందర్శకులను బస్సులలోనే త్రిప్పుదురు. అట్టి యాత్రకు పోవుటకు ముందు కుటుంబ పెద్దలు టిక్కెట్టు వెల ఎంత అని అడుగుటతో ఆగక, "చక్రాల కుర్చీ ఎక్కు బస్సు కలదా? వాలుబల్ల ఉన్నదా? పట్టీలు ఉన్నవా?" అని కూడ అడుగవలెను. నలుగురు అడిగినపుడే ఏ నిర్వాహకుడైనను ఆలోచించును.

వాలుబల్ల విప్పి, పట్టీలు బిగించుటకు పట్టునది కొన్ని నిమిషములు మాత్రమే. ఆ కొన్ని నిమిషములు ఓర్చుకొను సహనము తోటి ప్రయాణికులకు ఉన్నచో, ఒక తల్లియో తండ్రియో ఆ దినమును ఇంటిల్లపాదితో కలిసి గడుపగలుగుదురు.