గోదారి చెప్పొస్తుంది... వాగు చెప్పదు!

భద్రాచలంలో ఎండ కాస్తుంటుంది. చినుకు జాడ ఉండదు. అయినా స్నానఘట్టాల మెట్లు ఒక్కొక్కటే మునిగిపోతుంటాయి. కొత్తవాళ్లకు అది వింత. ఊరివాళ్లకు మాత్రం తెలుసు... గోదారి పొంగడానికి ఇక్కడ వాన కురవక్కర్లేదు, ఎగువన కురిస్తే చాలని. విదర్భలో పడిన వాన వార్ధా, వైన్‌గంగల మీదుగా ప్రాణహితలోకి చేరుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ దిగువన ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే ఇంద్రావతి తోడవుతుంది. ఆ నీరంతా భద్రాచలం చేరేలోపు దొరికే వ్యవధే తీరవాసులకు రక్ష. పెద్ద నది చెప్పి వస్తుంది. ఆ మాట అర్థం చేసుకోవడమే మన వంతు.

ఆ మూడు అంకెలు

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండోది, 53కు మూడోది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఈ అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. సముద్రంలోకి వదిలే నీరు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు చేరిందన్నమాట. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు... సుమారు 28 లీటర్లు. అంటే మొదటి హెచ్చరిక నాటికే సెకనుకు 2.8 కోట్ల లీటర్లు!

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎగసింది. 2022 జులైలో 71.3 అడుగులు దాటించింది. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేయాల్సి వచ్చింది.

‘ఎనభయ్యారులోనే మా గడప తడవలేదు, ఇప్పుడేమవుతుంది?’ అనే ధీమా ఏటిగట్టు ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ అప్పటికీ ఇప్పటికీ రోడ్లు లేచాయి, ఇళ్లు పెరిగాయి, నీరు పోయే దారులు మారాయి. కరకట్ట నదిని ఆపుతుంది, నిజమే. అయితే వరదప్పుడు తూములు మూసేస్తే ఊళ్లో కురిసిన వాన బయటికి పోలేదు. మోటార్లతో తోడాల్సిందే.

ఇంకో చిక్కుంది. గోదావరి నిండుగా ఉంటే, కూనవరం దగ్గర కలిసే శబరి ఎగదన్నుతుంది. గోదారి గట్టున లేని ఊళ్లనూ నీళ్లు చుట్టుముడతాయి. ఇల్లు మునగకముందే దారి మునుగుతుంది. అందుకే మూడో హెచ్చరిక దాకా చూస్తూ కూర్చోకూడదు. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు ఉన్నవాళ్లు మొదటి హెచ్చరికకే కదలడం మేలు.

రాత్రికి రాత్రే...

వాగుల సంగతి వేరు. వాటికి రోజుల వ్యవధి ఉండదు, గంటలే. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు తెల్లవారేసరికి మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కొందరు కొట్టుకుపోయారు.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచింది కూడా కృష్ణమ్మ కాదు, కొల్లేరుకు పోయే బుడమేరు. గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. కానీ అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నిండిన నది మరో నీటిని ఎలా రానిస్తుంది? శబరి దగ్గర జరిగేదే ఇక్కడా జరిగింది.

అడుగు లోతే కదా!

వానాకాలంలో ఎన్నో ప్రాణాలు పోయేది నదిలో కాదు, రోడ్డు మీద... వాగు దాటబోయి. ‘రోజూ వెళ్లే దారేగా, అడుగు లోతేగా’ అనుకుంటారు. ఉరవడిగా పారే నీరు అరడుగు లోతున్నా మనిషి కాళ్లను లాగేయగలదు. అడుగు నీరు చిన్న కారును తేల్చగలదు. రెండడుగులుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా బురదనీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనిపించదు. చప్టా మీద నీరు పారుతుంటే ఆగడమే తెలివి. ఇల్లు ఓ పూట ఆలస్యంగా చేరితే పోయేదేం లేదు.

వరద ముంగిట ఇవి మరవద్దు

* రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒకేచోట ఉంచాలి. రోజూ వాడే మందులు, టార్చిలైటు, ఛార్జింగ్ పెట్టిన ఫోను పక్కనే ఉండాలి.

* ఇల్లు వదిలేముందు కరెంటు మెయిన్ ఆపేయాలి. గ్యాస్ సిలిండర్ కట్టేయాలి.

* పశువులను ముందే మెరకకు తోలాలి. వీల్లేకపోతే పలుపులైనా విప్పేయాలి. కట్టేసి ఉంటే ఈదే దారి కూడా ఉండదు.

* చెరువుకట్ట నుంచి తేటనీరు ఊరుతుంటే గమనిస్తుండాలి. మట్టినీరు వస్తుంటే కట్ట లోపల కోత మొదలైనట్టే. వెంటనే అధికారులకు చెప్పి, దిగువనున్నవాళ్లు ఖాళీ చేయాలి.

* వరద తీశాక ఇంట్లోకి తొందరపడి వెళ్లొద్దు. పాములుంటాయి, తడిసిన గోడలు కూలొచ్చు. తడి ఆరి, వైరింగ్ చూపించాకే కరెంటు వేయాలి. నీళ్లు మరగకాచి తాగాలి.

* ఆపదలో 112కు ఫోన్ చేయాలి. ఆ నంబరు పిల్లలకూ నేర్పాలి.