జిన్‌ఫాండెల్ పుట్టిల్లు ఏది?

జిన్‌ఫాండెల్ కాలిఫోర్నియా ఎర్ర వైన్‌కు పేరు తెచ్చిన నల్ల ద్రాక్ష. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు ఇంకా పచ్చిగా ఉండగానే మరికొన్ని ముడతలు పడి కిస్‌మిస్‌లా ఎండిపోతాయి. అందుకే కోత ఎప్పుడు మొదలుపెట్టాలన్నది రైతుకు ఏటా తలనొప్పే. చాలాకాలం అమెరికన్లు దీన్ని తమ సొంత రకంగానే చెప్పుకున్నారు. కానీ ఇది యూరప్ జాతి ద్రాక్ష, అమెరికా అడవుల్లో పుట్టేది కాదు. ఎవరో ఎక్కడి నుంచో తెచ్చి ఉండాలి.

ఆ ఘనత మొదట అగోస్టన్ హరస్తీ అనే హంగరీ వలసదారుకు దక్కింది. దీన్ని తెచ్చింది తన తండ్రేనని 1880లలో ఆయన కొడుకు అర్పాద్ ప్రచారం చేశాడు. పితృభక్తి మెచ్చుకోదగ్గదే గాని తేదీలే కలిసిరాలేదు. హరస్తీ అమెరికాలో అడుగుపెట్టింది 1840లో. చరిత్రకారుడు చార్లెస్ సల్లివాన్ పాత నర్సరీ కేటలాగులు తిరగేస్తే, అంతకు పదేళ్ల ముందే ఈ పేరు తూర్పు తీరంలో కనిపించింది. లాంగ్ ఐలండ్‌లో నర్సరీ నడిపిన జార్జ్ గిబ్స్ 1820ల చివర్లో వియన్నాలోని రాజోద్యానం నుంచి ద్రాక్ష తీగలు తెప్పించుకున్నాడు. బోస్టన్ వైపు దీన్ని అద్దాల గదుల్లో పెంచి, వైన్ చేయకుండా పండుగానే తినేవారు. బంగారం వేట జోరుగా సాగుతున్న 1850లలో ఇది కాలిఫోర్నియా చేరింది.

వియన్నాకు ఎలా వచ్చిందన్నది అసలు చిక్కుముడి. 1967లో ఇటలీ వెళ్లిన అమెరికన్ మొక్కల శాస్త్రవేత్త ఆస్టిన్ గోహీన్‌కు పూలియా ప్రాంతపు ప్రిమిటివో వైన్ రుచి చూడగానే జిన్‌ఫాండెల్ గుర్తొచ్చింది. రెండూ ఒకటేనని తర్వాతి పరీక్షల్లో రుజువైంది. అయితే ప్రిమిటివో కూడా అక్కడికి బయటి నుంచి వచ్చిందే. మరోవైపు, క్రొయేషియాలో పుట్టి నాపా లోయలో స్థిరపడిన వైన్ తయారీదారు మైక్ గర్గిచ్ తమ దేశపు ప్లావట్స్ మాలీయే జిన్‌ఫాండెల్ అని వాదించేవాడు.

1998లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కెరోల్ మెరెడిత్ క్రొయేషియాలోని దల్మేషియా తీరానికి వెళ్లి, జాగ్రెబ్ శాస్త్రవేత్తలు ఇవాన్ పేయిచ్, ఎడీ మాలెటిచ్‌లతో కలిసి తీగల నమూనాలు సేకరించారు. డీఎన్ఏ చెప్పిన దాని ప్రకారం గర్గిచ్ మాట సగమే నిజం. ప్లావట్స్ మాలీ జిన్‌ఫాండెల్ కాదు, దాని సంతానం. బిడ్డ దొరికాక తల్లి కోసం వెతుకులాట ఆ తీరంలోనే కొనసాగింది. చివరికి 2001లో స్ప్లిట్ దగ్గరి కాష్టెల్ నోవిలో, రకరకాల తీగలు కలగలిసిన ఒక పాత తోటలో తొమ్మిది తీగలు దొరికాయి. ఊరివాళ్లు వాటిని త్సర్ల్యెనాక్ కాష్టెలాన్‌స్కీ అనేవారు. ఆ తర్వాత స్ప్లిట్ మ్యూజియంలో సుమారు తొంభై ఏళ్లుగా భద్రపరిచిన ఎండు ఆకుల డీఎన్ఏ కూడా దీనితో సరిపోయింది. ఆ నమూనాపై ఉన్న పేరు ట్రిబిద్రాగ్. 15వ శతాబ్దపు దల్మేషియా పత్రాల్లోనే కనిపించే పేరది.

ఆ తీరం 19వ శతాబ్దంలో ఆస్ట్రియా ఏలుబడిలోనే ఉంది కాబట్టి, వియన్నా రాజోద్యానానికి తీగ చేరడంలో వింతేమీ లేదు. ఇక పేరు సంగతికొస్తే, ఇటలీ రైతులు తమ ప్రిమిటివోను జిన్‌ఫాండెల్ పేరుతో అమ్ముకోవడానికి యూరోపియన్ యూనియన్ 1999లో అనుమతించింది. అమెరికా ప్రభుత్వ జాబితాలో మాత్రం ఇవి రెండు వేర్వేరు రకాలుగానే నమోదయ్యాయి.