కొత్తింటికి కాగితాల సింగారం

తోటి అమ్మాయిలారా, ఈ నెల గోడ పత్రికలో కాగితంతో కొత్త ఇంటిని ఎట్లా అలంకరించుకోవచ్చో రాస్తున్నాను.

కొత్త ఇల్లు రెండు రకాలు. ఒకటి మనం కట్టుకున్నది. రెండోది అద్దెకు దిగింది. మన ఊళ్ళలో మొదటి రకమే ఎక్కువ. తడక అల్లి, మట్టి మెత్తి, పేడతో అలికి, ఎర్రమట్టి పూసి, దాని మీద సుద్దతో గీతలు గీస్తే ఇల్లు మనదైపోతుంది. గోడ మీద అమ్మ చేతి ఆనవాలు కనపడుతుంది. రెండో రకం ఇంట్లో గోడ మనది కాదు. రంగు మార్చకూడదు, మేకు కొట్టకూడదు. మరి అట్లాంటి ఇల్లు మనదని అనిపించాలంటే ఏం చెయ్యాలి? కాగితం, దారం, మైదా జిగురు ఉంటే చాలా చెయ్యొచ్చు. దసరా సెలవుల్లో చేసి చూశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మా పెద్దమ్మ కూతురు, బావ, వాళ్ళ నాలుగేళ్ళ బాబు హైదరాబాదులో పంజాగుట్టలో ఉంటున్నారు. ఎం.జి.బి.ఎస్.లో బస్సు దిగి మెట్రో రైలు ఎక్కితే నేరుగా పంజాగుట్ట స్టేషన్‌లో దిగొచ్చు. ఆ దారిలో రైలు 2018 నుంచి నడుస్తోంది. ఉర్దూలో పంజా అంటే ఐదు వేళ్ళ అరచెయ్యి. గుట్ట మన మాటే. పేరులోనే చెయ్యి ఉన్న చోట చేతిపని నేర్చుకున్నానని నాకు సంతోషం.

అక్క ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. బావ ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను దగ్గర పని. డాబా మీద ఒక్క గది, వంటకు కొంచెం చోటు. ఇంటి ఓనరు పెట్టిన షరతు ఏమంటే గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు, కొడితే అడ్వాన్సులో డబ్బు పట్టుకుంటారు. దిగి రెండు నెలలైనా అక్క సగం మూటలు విప్పలేదు. “ఎప్పుడు పొమ్మంటారో తెలియని ఇంటికి సింగారం ఎందుకే?” అంది. చిన్నోడేమో రోజూ రాత్రి “మనింటికి ఎప్పుడు పోదాం?” అని అడుగుతాడు. అందుకే పోయేటప్పుడు విప్పి వెంట తీసుకుపోగలిగిన అలంకారమే చెయ్యాలని అనుకున్నాము.

కాగితం ఎక్కడిది?

ఒక్క కాగితం కూడా కొనలేదు. పంజాగుట్ట తర్వాత స్టేషన్ అమీర్‌పేట. అక్కడ మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. నడుస్తుంటే చేతిలో పాంప్లెట్లు పెడతారు. పచ్చవి, పసుపువి, గులాబీ రంగువి. చాలామంది రెండడుగులు వేసి కింద పడేస్తారు. మేము శుభ్రంగా ఉన్నవి ఏరుకున్నాము. బావ ప్రెస్సు నుంచి కటింగ్ ముక్కలు తెచ్చాడు. పాత క్యాలెండర్లు, పెళ్ళి కార్డులు, వారపత్రికలు, అట్టపెట్టెలు కూడా పనికొస్తాయి.

ముందు కాగితం పోగు తెలుసుకోవాలి

వెదురుకు నార ఉన్నట్టే కాగితానికి కూడా పోగు ఉంటుంది. ప్రెస్సు వాళ్ళు దాన్ని గ్రెయిన్ అంటారు. మిల్లులో నీళ్ళలాంటి గుజ్జును కదిలే జల్లెడ మీద పోస్తారు. జల్లెడ పోయే దిక్కుకే ఎక్కువ పోగులు తిరుగుతాయి. నీళ్ళు కారిపోయి ఆరితే కాగితం.

మీరే చూడండి. న్యూస్ పేపరును పైనుంచి కిందికి చింపితే తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. మడత కూడా అంతే. పోగు వెంట మడిస్తే నున్నగా వస్తుంది, పోగుకు అడ్డంగా మడిస్తే గరుకుగా వస్తుంది, మందం కాగితమైతే పగులుతుంది. బావ ఇది చెప్తే నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే మా తాత వెదురు చీల్చేటప్పుడు నార వెంటే కత్తి పెడతాడు. బడి మొహం చూడని తాతకు తెలిసిందే ప్రెస్సులోనూ పనికొచ్చింది.

జిగురు

ఒక గరిటె మైదాకు ఐదు గరిటెల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి, తర్వాత సన్న మంట మీద తిప్పుతూ ఉడికించాలి. వేడికి పిండి నీళ్ళు పీల్చుకొని ఉబ్బుతుంది, తెల్లగా ఉన్నది మెరుపు తేలుతుంది. అప్పుడు దించాలి. రెండు రోజులకు పులిసిపోతుంది కాబట్టి కొంచెమే చేసుకోవాలి. ఎక్కువ పూస్తే కాగితం ముడతలు పడుతుంది, బొద్దింకలు కూడా వస్తాయి.

1. మామిడాకుల తోరణం

పచ్చ పాంప్లెటును పొడుగ్గా నాలుగు ముక్కలు చెయ్యాలి. ఒక్కో ముక్కను పోగు వెంట మధ్యకు మడిచి, మడత వైపు కదలకుండా పట్టుకొని, అవతలి వైపు సగం ఆకు ఆకారం కత్తిరించాలి. విప్పితే రెండు వైపులా సమానంగా ఆకు వస్తుంది, మడతే ఈనె అవుతుంది. తొడిమను దారం మీదుగా తిప్పి జిగురు పెట్టాలి. మూడడుగుల గుమ్మానికి అంగుళంన్నరకు ఒక ఆకు లెక్కన ఇరవై నాలుగు ఆకులు పడతాయి. గుమ్మం పైన ఓనరే ముందు కొట్టించిన రెండు మేకులు ఉన్నాయి, వాటికే కట్టాము. అడ్డాకు విస్తరి కుట్టడం వచ్చిన వాళ్ళకు ఇది చాలా తేలిక.

2. కాగితపు తడక

వారపత్రిక పేజీని ఒక మూల నుంచి సన్న ఇనుప ఊచకు చుట్టుకుంటూ పోయి, చివరి మూలకు జిగురు పెట్టి ఊచ లాగేస్తే గొట్టం వస్తుంది. ఒక్క కాగితం వంగిపోతుంది గానీ గొట్టంగా చుడితే గట్టిగా నిలబడుతుంది. వెదురు కూడా లోపల బోలుగా ఉండే అంత బరువు మోస్తుంది కదా. పన్నెండు గొట్టాలు నిలువుగా పరిచి, పన్నెండు అడ్డంగా ఒకటి పైన, ఒకటి కింద అల్లాలి. అంచులు దారంతో కట్టాలి. దాన్ని కిటికీ కమ్మీలకు కట్టి, బట్టల క్లిప్పులతో అమ్మమ్మ ఫొటో, చిన్నోడి బొమ్మలు తగిలించాము.

3. గుజ్జు బుట్ట

ఇది కొత్తది కాదు. చేటలకు, బుట్టలకు మన పెద్దవాళ్ళు చేసేదే. కాగితాలు చిన్నగా చింపి రెండు రోజులు నానబెట్టాలి. గుప్పెడు మెంతులు ఒక రాత్రి నానబెట్టాలి. నీళ్ళు పిండేసి రెండూ కలిపి మెత్తగా రుబ్బితే బంకలాంటి గుజ్జు వస్తుంది. పాత వెదురు బుట్టకు లోపలా బయటా పలుచగా మెత్తి, ముందు నీడలో, తర్వాత ఎండలో నాలుగు రోజులు ఆరనివ్వాలి. నీళ్ళలో విడిపోయిన పోగులు ఆరేటప్పుడు మళ్ళీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మెంతుల జిగట ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది.

సారపాక కాగితం మిల్లులో 1979 నుంచి పెద్ద పెద్ద యంత్రాలతో జరిగేది కూడా ఇదే పోగుల పని. మన వైపు రోడ్ల మీద జామాయిల్, సుబాబుల్ కట్టెల లారీలు పోతుంటాయి కదా, ఆ కట్టెను మందులతో ఉడికించి పోగులు విడదీస్తారు. తేడా ఏమంటే మనకు రోలు చాలు.

4. మన గోడ

అట్టపెట్టెను విప్పి చదును చేసి, జిగురులో జాజు పొడి కలిపి చేత్తో పూశాము. ఆరాక తడి సుద్దతో మన ఇంటి గోడకు అమ్మ గీసే గీతలే గీశాము. దాన్ని సెల్ఫులో నిలబెట్టాము. ఓనరు గోడ ఓనరుదే, మన గోడ మనదే.

జాగ్రత్తలు

న్యూస్ పేపరు ఎండ తగిలే చోట పెట్టొద్దు. అందులో కట్టెలో ఉండే లిగ్నిన్ మిగిలి ఉంటుంది, అది వెలుతురుకు, గాలికి పసుపు పచ్చగా మారుతుంది. పొయ్యి, అగరువత్తి, దీపం దగ్గర కాగితం పెట్టనే వద్దు. వాన జల్లు కొట్టే కిటికీ అయితే రాత్రి తీసి లోపల పెట్టుకోవాలి.

ఇదంతా పిల్లల ఆట అని కొందరు అనొచ్చు. నేను చూసింది చెప్తాను. పక్క గది ఆమె వచ్చి సెల్ఫులో జాజు అట్ట చూసి “ఇది ఎవరు వేశారు? మీది ఏ ఊరు?” అని అడిగింది. అక్క ఎప్పుడూ “భద్రాచలం వైపు” అని మాత్రమే చెప్పి ఊరుకునేది. ఆ రోజు “మేము కోయవాళ్ళం. మా ఇళ్ళ గోడలకు ఇట్లా గీసుకుంటాం” అంది. ఆమె కూర్చొని బుట్ట ఎట్లా చేశారో కూడా అడిగి తెలుసుకుంది. ఆ సాయంత్రం అక్క మిగిలిన మూటలు విప్పింది. చిన్నోడు మనింటికి ఎప్పుడు పోదామని ఇంకా అడుగుతూనే ఉన్నాడు. కాకపోతే ఇప్పుడు “తోరణం కూడా తీసుకుపోదామా?” అంటున్నాడు.

అమ్మాయిలారా, మనం కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు మనది కాని గదిలోనే ఉంటాము. మన గోడలకు జిగురు పూస్తే సున్నం ఊడుతుంది, మేడమ్ గారు వద్దనడం న్యాయమే. కానీ దారం కట్టడానికి కిటికీ కమ్మీలు ఉన్నాయి. నిండిపోయిన నోటుబుక్కులు, పాత పరీక్ష పేపర్లు ప్రతి ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మేడమ్ గారు అనుమతిస్తే, వంటగదిలో ఒక గరిటె మైదా ఇప్పిస్తే, ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడదాం. మొదటి తోరణం ఐదో తరగతి పిల్లల గదికి కడదాం. వాళ్ళు కొత్తగా వచ్చారు, రాత్రుళ్ళు ఇంకా ఏడుస్తున్నారు. ఆకులు మనమే కత్తిరించి ఇవ్వకుండా, వాళ్ళ చేతులతోనే చేయిద్దాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని