విల్లు కొంటే చాలదు, పోషణా కావాలి

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు సాధించినది కాంపౌండ్ విల్లుతోనే. చక్రాలు, కేబుళ్లతో పనిచేసే ఈ యంత్రపు విల్లు పోషణ వెదురు విల్లు పోషణంత తేలిక కాదు. నారికి తరచు మైనం పట్టించాలి. పోగులు తెగితే నారిని మార్చాలి. అందుకు వింటి రెక్కలను అదిమిపట్టే ప్రెస్ అవసరం; అది లేకుండా విప్పబోతే బిగువులోని రెక్కలు ఎగసి గాయపరచగలవు. బాణం సంధించకుండా నారిని లాగి వదిలితే రెక్కలే పగిలిపోవచ్చు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్ల పోటీకి తొలిసారి స్థానం లభించింది. పతకాలు ఆశించేవారు విండ్లు కొనివ్వడంతో సరిపుచ్చక, శిక్షణ కేంద్రాలలో ప్రెస్‌ను, మరమ్మతు తెలిసిన మనిషిని కూడ సమకూర్చవలసి ఉంది.